రక్తసంబంధం లేనోళ్లు ఒకరికొకరు దిక్కవ్వాలంటే ఏం చేయాల

మా కడప పక్క ఎన్నో ఇళ్లల్లో పిల్లలు కువైట్లోనో బెంగుళూర్లోనో ఉంటారు, ఇంట్లో జేజి ఒక్కతే. అన్నం పెట్టేది ఎదురింటి అక్క, ఆసుపత్రికి తీసకపోయేది మిద్దె మీద బాడుగకుండే పిల్లోడు. పెళ్లి చేసుకోనోళ్లు, మొగుడు వదిలేసినోళ్లు, ఇంట్లోంచి తరిమేస్తే తమలో తామే అమ్మా బిడ్డా అనుకుని బతికే ట్రాన్స్ అక్కలు, అందరిదీ ఇదే కథ. ఇది కుటుంబం కాదంటే నేనొప్పుకోను. 2022లో దీపికా సింగ్ కేసులో సుప్రీంకోర్టు కూడా పెళ్లి లేని బంధాలు, క్వీర్ బంధాలు (స్వలింగ జంటలు, ట్రాన్స్ మనుషుల బంధాల్లాంటివి) కుటుంబం కిందికే వస్తాయని చెప్పింది. అయినా ఆసుపత్రి కౌంటర్ దగ్గర "మీరేమవుతారు?" అంటే నోరు పెగలదు, అందుకే అన్నీ ముందే చూసుకోవాల.

మొదట అడగండి. "జేజీ, రాత్రిపూట బాగలేకపోతే ఎవుర్ని పిలవాల?" అని నేరుగా అడగండి, ఇబ్బంది పెట్టకూడదని వాళ్లంతట వాళ్లు చెప్పరు.

పని పంచుకోండి. ఆడమనిషి కదా అని అంతా ఎదురింటి అక్క నెత్తినే పడుతుంది, అది అన్యాయం, మగోళ్లు కూడా ఆసుపత్రిలో రాత్రి పడుకోవాల, బట్టలు ఉతకాల. ఖర్చులు నోట్‌బుక్‌లో రాసి బిల్లులు దాచండి, రేపు కొడుకు దిగినాక ఎవురికీ మాట రాదు.

మందుల డబ్బా మూత లోపల కాగితం అంటించి ఏ మాత్ర పొద్దున, ఏది తిండికి ముందు అని స్కెచ్ పెన్నుతో పెద్దగా రాయండి, కిందనే ఫోన్ నంబర్లు. ఆధార్, ఎన్టీఆర్ వైద్యసేవకి కావాల్సిన కార్డుల జిరాక్సులు ఒక కవర్లో పెట్టి డబ్బా పక్కనే ఉంచండి.

ఇంక కాగితాలు, అసలు చిక్కంతా ఇక్కడే. మేజరై స్పృహలో ఉన్న మనిషి ఆపరేషన్‌కి తన సంతకం తనే పెట్టాల, 2008లో సమీరా కోహ్లీ కేసులో కన్నతల్లి ఇచ్చిన ఒప్పుకోలు కూడా చెల్లదన్నారు. మానసిక వైద్యానికైతే 2017 చట్టం ప్రకారం మనకిష్టమైన మేజర్‌ని ప్రతినిధిగా తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టొచ్చు, చుట్టమే కానక్కర్లేదు. బ్యాంకు నామినీ కూడా చుట్టమే కావాలని లేదు, 2025 నవంబర్ నుంచి నలుగుర్ని పెట్టుకోవచ్చు. అయితే నామినీ చేతికి డబ్బు వస్తుందే గానీ హక్కు వారసులదే, అందుకే వీలునామా రాయండి. ముఖ్యంగా మొగుడు చనిపోయి, పిల్లలు లేని హిందూ ఆడవాళ్లు తప్పకుండా రాయాల, లేకపోతే సొంతంగా కూలి చేసి కూడబెట్టింది కూడా మొగుడి తరపు వాళ్లకి పోతుంది, ఇది ఎంతమందికి తెలుసప్పా? స్టాంప్ పేపర్ అక్కర్లేదు, ఇద్దరు సాక్షులుంటే చాలు, ఆస్తి ఎవరికి రాస్తున్నారో వాళ్లని సాక్షిగా పెట్టకండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ గొడవపడే చుట్టాలుంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించేయండి. పవర్ ఆఫ్ అటార్నీ (మన తరపున పనులు చూడమని రాసిచ్చే కాగితం) ఉంది కదా అనుకోవద్దు, రాసిచ్చినోళ్లు పోతే అది కూడా పోతుంది.

అన్నీ అయినాక నంబర్ల కాగితం ఫోటో కువైట్లో ఉన్న కొడుక్కి వాట్సాప్ చేయండి, వీలునామా ఏ బీరువాలో ఉందో మాత్రం నమ్మినోళ్లు ఇద్దరికి చెప్పిపెట్టండి.