జర్మనీలో మొదటి ఏడాది: డబ్బు ఎక్కడ పోతుంది, ఎక్కడ మిగులుతుంది

చదువుకోవడానికి జర్మనీ వచ్చిన మనవాళ్లు మొదటి రెండు నెలలూ ప్రతి ధరనీ వందతో హెచ్చవేసి చూస్తారు. కాఫీ మూడు యూరోలంటే, మూడు వందలా అని ఆగిపోతారు. ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి లోన్ తెచ్చుకున్నవాళ్లకు అది సహజమే. కానీ ఇక్కడ పెద్ద మొత్తాలు పోయేది చదవకుండా పెట్టిన సంతకం వల్ల, తెరవని ఉత్తరం వల్ల, దాటిపోయిన గడువు వల్ల. కడుపు మాడ్చుకుని నెలంతా మిగిల్చిన డబ్బును టికెట్ లేకుండా ట్రామ్ ఎక్కి ఒక్కరోజే 60 యూరోల ఫైన్‌గా కట్టే పిల్లల్ని చూస్తే బాధేస్తుంది. అందుకే వంటింటి పొదుపు కంటే ముందు కాగితాల సంగతి చెబుతాను.

వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే నెలకు ఇంతేనని తీయగలిగే ఖాతాలో, వేసిన 11,904 యూరోలు నెలకు 992 చొప్పున మీ ఖాతాలో పడతాయి. ఒకటో తారీఖున పడగానే జీతం వచ్చినట్టు అనిపిస్తుంది. అది మీ సొంత డబ్బే, పన్నెండు నెలలకు అయిపోతుంది. రెసిడెన్స్ పర్మిట్ పొడిగించేటప్పుడు మళ్లీ ఖర్చులకు డబ్బుందని చూపించాలి. అప్పటికి పార్ట్‌టైమ్ దొరుకుతుందిలే అని సీనియర్లు ధైర్యం చెబుతారు కానీ, చిన్న ఊళ్లలో జర్మన్ రాకుండా పని దొరకడం నిజంగా కష్టం. డబ్బు పడిన రోజే అద్దె, హెల్త్ ఇన్సూరెన్స్ పక్కన పెట్టి, కుదిరితే వంద యూరోలు వేరే ఖాతాలోకి పంపేయండి. మిగిలిందే ఆ నెల ఖర్చు.

ఇల్లు వెతికేటప్పుడు ప్రకటనలో రెండు అద్దెలు కనిపిస్తాయి. కాల్ట్‌మీటె అంటే ఉత్త గది అద్దె. వార్మ్‌మీటెలో నీళ్లు, హీటింగ్, చెత్త లాంటి ఖర్చులు కూడా కలుస్తాయి. కరెంటు, ఇంటర్నెట్ అందులో ఉన్నాయో లేదో విడిగా అడగాలి. డిపాజిట్ మూడు నెలల కాల్ట్‌మీటెకు మించి అడగడానికి చట్టం ఒప్పుకోదు. దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు కూడా మీకుంది. ఇల్లు చూడకముందే, కాంట్రాక్టు లేకుండానే డిపాజిట్ పంపమంటే అది మోసమనే అనుకోండి. తాళాలు కొరియర్‌లో పంపుతాననే ఓనర్లకు ఇండియాలో ఉండగానే డబ్బు పంపేసినవాళ్లున్నారు. అడ్రస్ రిజిస్ట్రేషన్‌కు, అంటే అన్‌మెల్డుంగ్‌కు, కాగితం ఇవ్వనంటే ఆ ఇల్లు ఎంత చవకైనా వద్దు. ఇంట్లో చేరిన రెండు వారాల్లో అది చేయించుకోవాలి. ట్యాక్స్ నంబర్ రావాలన్నా అదే ఆధారం.

చేరిన రోజే గోడలు, నేల, కిటికీలు, బాత్రూమ్ మూలలు ఫోటోలు తీసుకుని ఓనర్‌కు మెయిల్ చేయండి. ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్ కాపాడేవి ఆ ఫోటోలే.

చలికాలం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మన వంటలో ఆవిరి ఎక్కువ. రోజూ అన్నం వండుతాం, పులుసు మరిగిస్తాం, ఉతికిన బట్టలు గదిలోనే ఆరేస్తాం. బయట చలని కిటికీ మూసే ఉంచితే నెల తిరిగేసరికి మంచం వెనక గోడకు నల్లగా బూజు పడుతుంది. దాన్ని బాగుచేయించే ఖర్చు మీ డిపాజిట్‌లోంచే పోవచ్చు. అలాగని కిటికీని పైనుంచి వాల్చి రోజంతా వదిలేస్తే వేడంతా బయటికి పోయి, ఏడాది చివర్లో హీటింగ్ లెక్క తేల్చినప్పుడు వందల యూరోలు అదనంగా కట్టమంటారు. రోజుకు రెండు మూడుసార్లు, ముఖ్యంగా వంటయ్యాక, హీటర్ కట్టేసి కిటికీ పూర్తిగా తెరిచి ఐదు పది నిమిషాలు ఉంచితే చాలు. హీటర్ మీద 3 దగ్గర పెడితే గది ఇంచుమించు 20 డిగ్రీలుంటుంది. 5 పెడితే గది తొందరగా వేడెక్కదు, ఎక్కువ వేడెక్కుతుందంతే.

తర్వాత పోస్ట్‌బాక్స్. ఈ దేశం ఇంకా ఉత్తరాల మీదే నడుస్తోంది. బాక్స్ మీద మీ పేరు లేకపోతే పోస్ట్‌మ్యాన్ ఉత్తరం వెనక్కి పంపేస్తాడు, గడువు మాత్రం ఆగదు. మొదట వచ్చేవాటిలో రేడియో, టీవీ ఫీజు ఉత్తరం ఒకటి. ఇంట్లో టీవీ లేకపోయినా నెలకు 18.36 యూరోలు కట్టాల్సిందే. అయితే ఆ ఫీజు మనిషికి కాదు, ఇంటికి. నలుగురు కలిసి ఉంటే ఒకరు కడితే చాలు, మిగతావాళ్లు కట్టేవాళ్ల ఫీజు నంబర్ రాసి పంపిస్తే సరిపోతుంది. ఏదో ప్రకటన అనుకుని చింపేసినవాళ్లకు బకాయి పెరిగిపోయి, ఏడాది తర్వాత ఒకేసారి కట్టమని బిల్లు వస్తుంది. ఇప్పుడు కొని తర్వాత కట్టే ఆన్‌లైన్ షాపింగ్ కూడా అలాంటిదే. ఒక బిల్లు మర్చిపోతే ముందు హెచ్చరిక ఉత్తరం, తర్వాత వసూలు ఏజెన్సీ, ఆ పైన ఫీజులు. అక్కడితో ఆగకుండా మీ షూఫా రికార్డు, అంటే అప్పులు, బిల్లులు సరిగ్గా కడతారా అని చూపే రికార్డు, పాడైతే రేపు ఇల్లు అద్దెకివ్వడానికి వెనకాడతారు. జర్మన్ అర్థం కాకపోతే ఫోన్‌లో ఫోటో తీసి ట్రాన్స్‌లేట్ చేసుకోండి. ఏ ఉత్తరమైనా వచ్చిన రోజే తెరవండి.

జిమ్, ఫోన్ కాంట్రాక్టులు రెండేళ్ల దాకా కట్టేస్తాయి. సెమిస్టర్ తర్వాత ఇంటర్న్‌షిప్‌కు వేరే ఊరు వెళ్తారేమో తెలియనప్పుడు రెండేళ్ల సంతకం ఎందుకు? ఫోన్‌కు ప్రీపెయిడ్ సిమ్ చాలు. ఆన్‌లైన్‌లో పొరపాటున ఒప్పుకుంటే మామూలుగా 14 రోజుల్లో కారణం చెప్పకుండానే వెనక్కి తీసుకోవచ్చు. 2022 మార్చి నుంచి చేసుకున్న ఇలాంటి కాంట్రాక్టులు మొదటి గడువు దాటాక ఒక నెల నోటీసుతో ఆగిపోతాయి. సంతకం పెట్టిన రోజే రద్దు తేదీని ఫోన్ క్యాలెండర్‌లో వేసుకోండి.

ప్రయాణాలకు ముందు మీ యూనివర్సిటీ సెమిస్టర్ టికెట్ ఎంతవరకు పనిచేస్తుందో చూడండి. దేశమంతా తిరిగేదే అయితే విడిగా ఏదీ కొనక్కర్లేదు. మిగతావాళ్లకు దేశమంతా లోకల్ రైళ్లు, బస్సుల్లో పనిచేసే డాయిచ్‌లాండ్ టికెట్ 2026 జనవరి నుంచి నెలకు 63 యూరోలు. ఆపాలంటే ఆ నెల 10వ తేదీలోపు రద్దు చేయాలి. ఆ టికెట్‌తో ఐసీఈ, ఐసీ అనే దూరప్రయాణపు రైళ్లు ఎక్కకూడదు. కొత్తవాళ్లు ప్లాట్‌ఫామ్ మీద హడావిడిలో సరిగ్గా అక్కడే దొరికిపోతారు.

ఇక తిండి. ఇక్కడ వండుకుంటే చవకే. పాలు, పెరుగు, గుడ్లు, ఉల్లిపాయలు ఆల్డీ, లిడిల్ లాంటి చవక సూపర్‌మార్కెట్లలో వాళ్ల సొంత బ్రాండ్‌వి కొనండి. ధర చీటీ మీద చిన్న అక్షరాల్లో కిలోకు ఎంతో రాసి ఉంటుంది, పోల్చాల్సింది దాన్నే. కొత్తిమీర, పచ్చిమిర్చి, వంకాయలు, బెండకాయలకు టర్కిష్ షాపు మేలు. ఎర్ర కందిపప్పు, అదే మసూర్, అక్కడే దొరుకుతుంది. కందిపప్పు, సోనా మసూరి బియ్యం మాత్రం ఇండియన్ షాపులో నలుగురూ కలిసి పెద్ద సంచి తెచ్చుకోండి. కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగవచ్చు, బాటిళ్లు మోసుకురావద్దు. ఒకవేళ కొన్నా ఖాళీ బాటిల్‌ను సూపర్‌మార్కెట్ మెషీన్‌లో వేస్తే వాడి పారేసే రకానికి 25 సెంట్లు వెనక్కి వస్తాయి. ఆదివారం దుకాణాలు మూసేస్తారు. శనివారం సాయంత్రం ఒకసారి ఫ్రిజ్ చూసుకోకపోతే స్టేషన్ షాపులో ఎక్కువ పెట్టి కొనాలి, లేదా పిజ్జా తెప్పించాలి. మధ్యాహ్నం మెన్సాలో, అంటే యూనివర్సిటీ క్యాంటీన్‌లో, స్టూడెంట్ ధరకే వేడి భోజనం దొరుకుతుంది, పరీక్షల రోజుల్లో మానొద్దు. ఇంటినుంచి పచ్చళ్లు, పొడులు తెచ్చుకోండి గానీ నెయ్యి, పాలకోవా లాంటి పాల పదార్థాలు, మాంసం పచ్చళ్లు సూట్‌కేసులో పెట్టొద్దు. యూరప్ బయటినుంచి తేవడం నిషేధం, కస్టమ్స్ వాళ్లు తీసేసుకుంటారు.

కొన్నిటి మీద పొదుపు చేయొద్దు. 30 ఏళ్లలోపు ఉన్నవాళ్లు చవకగా ఉందని ప్రభుత్వ హెల్త్ ఇన్సూరెన్స్ వదిలి ప్రైవేట్‌ది తీసుకుంటే, ఆ చదువు అయ్యేదాకా మళ్లీ స్టూడెంట్‌గా ప్రభుత్వ ఇన్సూరెన్స్‌లోకి రానివ్వరు. మీవల్ల ఇతరులకు నష్టం జరిగితే కట్టే హాఫ్ట్‌ఫ్లిష్ట్ అనే బీమా నెలకు నాలుగైదు యూరోలకే దొరుకుతుంది. మీ సైకిల్ ఎవరి కారుకో గీసుకున్నా, మీ ఇంట్లోంచి నీళ్లు కారి కింది ఇల్లు పాడైనా అది ఆదుకుంటుంది. బిల్డింగ్ మొత్తానికి పనిచేసే తాళం పోతే కూడా వర్తిస్తుందో లేదో చూసి తీసుకోండి. ఇక్కడి తలుపుల్ని బయటినుంచి లాగి మూస్తే లాక్ దానంతటదే పడిపోతుంది. ఆదివారం రాత్రి తాళాలు తీసేవాణ్ని పిలిస్తే వందల్లో అడుగుతాడు. దగ్గర్లో ఉండే స్నేహితుడి దగ్గర మరో తాళం ఉంచండి.

పని దొరికాక చాలామంది వదిలేసుకునేది ట్యాక్స్ రిటర్న్. కొన్ని నెలలే పనిచేసినా జీతంలోంచి ట్యాక్స్ కోసి ఉండవచ్చు. 2025 సంవత్సరానికి పన్ను పడే ఆదాయం 12,096 యూరోల లోపే ఉంటే కోసిన ఇన్‌కమ్ ట్యాక్స్ మొత్తం తిరిగి వస్తుంది, అడగాలంతే. రిటర్న్ వేయడం తప్పనిసరి కానివాళ్లు నాలుగేళ్ల దాకా వెనక్కి వెళ్లి అడగవచ్చు. ఇండియాలో బీటెక్ చేసి ఇక్కడ మాస్టర్స్ చేస్తుంటే, ఫీజులు, పుస్తకాలు, లాప్‌టాప్ లాంటి చదువు ఖర్చులను తర్వాత వచ్చే ఉద్యోగ ఆదాయంలోంచి తగ్గించుకునే వీలుంది. అందుకని రసీదులు మొదటి రోజు నుంచే ఒక ఫోల్డర్‌లో దాచండి. ప్రభుత్వ వెబ్‌సైట్ ఎల్స్టర్‌లో రిటర్న్ ఉచితంగా వేయవచ్చు. దాని యాక్టివేషన్ కోడ్ పోస్టులోనే వస్తుంది, కొన్ని రోజులు పడుతుంది. కాబట్టి కంపెనీ నుంచి ఏడాది జీతం సర్టిఫికెట్ రాకముందే రిజిస్టర్ చేసి పెట్టుకోండి.