పాత రోప్ క్రేన్ బ్రేకు జారుడు: నా అనుభవం

హైదరాబాదులో మూసీపై వంతెన పనికి తెచ్చిన పాత ఫ్రిక్షన్ క్రేనులో (రాపిడితో పనిచేసే క్లచ్చు, బ్రేకులతో బరువులు ఎత్తి దించే యంత్రం), వాన కురిసిన ఉదయాల్లో బ్రేకు పెడల్ పూర్తిగా తొక్కినా బరువు నెమ్మదిగా కిందికి జారేది. ఇటువంటి యంత్రాల్లో వేలాడే బరువును నూనె పీడనం పట్టి ఉంచదు. దాన్ని డ్రమ్ము (వైరు రోపు చుట్టుకునే పీపా) చుట్టూ బిగిసే బ్యాండు అనే పట్టీ, దాని లోపలి రాపిడి పొర అయిన లైనింగు ఆపాలి. బ్యాండు బిగిస్తే చాలునని మెకానిక్కు అన్నారు గానీ, మధ్యాహ్నానికి జారుడు తగ్గుతున్నందున నాకు తేమపైనే అనుమానం కలిగింది. బరువు నేలకు దింపి, కవరు విప్పి చూడగా, వైరు రోపు నుండి చిమ్మిన గ్రీజు లైనింగుపై అద్దంలా మెరుస్తోంది. కవరు పగులు గుండా వాననీరూ చేరుతోంది. గ్రీజు పీల్చిన లైనింగును గీకి మళ్లీ వాడటం నాకు సమ్మతం కాదు. కొత్తది వేయించి, రివెట్ల తలలు లైనింగు ఉపరితలం కంటే లోపలే ఉన్నాయని చూసుకుని, పగులు మూయించాను. ఖాళీ హుక్కుతో బ్రేకును కొంతసేపు ఒరిపించి, లైనింగు కుదురుకున్నాకే బ్యాండు సర్దాము. తేలికపాటి బరువును నేలకు కాస్త ఎత్తున నిలిపి, అది కదలదని తేలాకే అసలు పనికి అనుమతించాను.