కారులో వెనక స్పీకర్లు కావాలా? ముందు ఫేడర్ జరిపి చూడండి

కొత్త వెనక స్పీకర్లు కొనడానికి బయలుదేరే ముందు ఒక్క పని చేయండి. ఏ కాలువ గట్టునో కొబ్బరి చెట్ల నీడన కారు ఆపి, ఇంజన్ కట్టేసి, బాగా తెలిసిన పాట పెట్టండి. స్టీరియో సెట్టింగుల్లో ఫేడర్‌ను, అంటే ముందు, వెనక స్పీకర్ల మధ్య శబ్దాన్ని పంచేదాన్ని, పూర్తిగా ముందుకు జరపండి. గాయని డాష్‌బోర్డు మీద ఎదురుగా నిలబడి పాడుతున్నట్టు ఉంటుంది. ఇప్పుడు మెల్లగా వెనక్కి తెండి. ఆ గొంతు చెవుల పక్కకు, ఆపైన తల వెనక్కి జారిపోతుంది. కచేరీలో వేదికకు వీపు పెట్టి ఎవరైనా కూర్చుంటారా?

నేను అమలాపురం నుంచి కాకినాడకు ఎక్కువగా ఒంటరిగానే వెళ్తాను. అందుకే వెనక పాతవే ఉంచేసి, ఆ డబ్బుతో ముందు తలుపులకు మంచి స్పీకర్లు, లోపలి రేకుకు అదురు తగ్గించే డ్యాంపింగ్ షీట్లు వేయించాను. వేలితో కొడితే ఖాళీ కిరోసిన్ డబ్బాలా మోగిన తలుపు ఇప్పుడు పనసకాయను తట్టినట్టు పలుకుతోంది.

పిల్లలతో, అత్తగారితో అంతర్వేది వెళ్ళే కారయితే వెనకవి ఉండాల్సిందే. లేకపోతే వాళ్ళకు వినబడాలని పెంచిన శబ్దానికి ముందువాళ్ళ చెవులు గింగుర్లెత్తుతాయి. ఖరీదైనవి అక్కర్లేదు, వాటి శబ్దం ముందువాటికంటే తగ్గించి పెట్టండి. బాస్ చాలకపోతే మాత్రం సీటు కింద చిన్న సబ్‌వూఫర్ (బాస్ కోసమే ఉండే స్పీకర్) పెట్టించండి.