పిల్లల్లో ఎదురుతిరగడం, చిరాకు: వయసును బట్టి ఎలా అర్థం చేసుకోవాలి?

చెప్పిన మాటకు ఎదురుతిరగడాన్నీ, ప్రతి చిన్న విషయానికీ చిర్రుబుర్రులాడడాన్నీ మనం ‘మొండితనం’ అంటూ ఒకే గాటన కట్టేస్తుంటాం. ఇవి తరచూ కలిసే కనిపించినా పెరిగే తీరు, దారితీసే పరిణామాలు వేరు కనుక, వాటిని విడదీసి చూడడంతోనే పని మొదలుపెట్టాలి.

1. వయసును లెక్కలోకి తీసుకోండి.
ఏడాది, ఏడాదిన్నర మధ్య మొదలయ్యే మారాం రెండు మూడేళ్లకు తారస్థాయికి చేరుతుంది. మాటలు వచ్చి కోరికను చెప్పుకోగలిగే కొద్దీ, నాలుగైదేళ్లకు చాలామందిలో తగ్గుముఖం పడుతుంది. రెండేళ్ల బిడ్డ బజారులో నేల మీద పడి దొర్లితే, చుట్టూ ఉన్నవాళ్లు ఏమనుకున్నా, అది పెంపకం లోపం కాదు. ఎనిమిదేళ్ల పిల్లవాడు వారానికి పలుమార్లు అలా చేస్తుంటే మాత్రం ఆలోచించాలి. యుక్తవయసులో వాదనలు కొంత పెరగడం సహజమే.

2. రెండు వారాలు రాసి పెట్టుకోండి.
గొడవ ఎప్పుడు మొదలైంది, దానికి ముందు ఏం జరిగింది, ఎంతసేపు సాగింది, చివరకు పెద్దవాళ్లు ఏం చేశారు అన్నవి చాలు. పని చెప్పినప్పుడే పేచీ వస్తుంటే అది ఎదురుతిరగడం. ఎవరూ ఏమీ అనకపోయినా రోజులో ఎక్కువసేపు ముఖం మాడ్చుకుని ఉంటే అది చిరాకు. ఏళ్ల తరబడి వదలని చిరాకు పెద్దయ్యాక ఆందోళనకూ, డిప్రెషన్‌కూ దారితీసే అవకాశం ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి కనుక, అల్లరి చేయడం లేదు కదా అని దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. నిద్ర కూడా రాయండి: 6–12 ఏళ్లవారికి 9–12 గంటలు, 13–18 ఏళ్లవారికి 8–10 గంటలు అవసరం.

3. మన వంతు ఎంతో చూసుకోండి.
భోజనాల వేళ ఫోన్ పక్కన పెట్టమని అమ్మ చెబుతుంది, పిల్ల వినదు, అమ్మ గొంతు పెంచుతుంది, పిల్ల అంతకంటే గట్టిగా అరుస్తుంది, చివరికి ‘పోనీలే, ఇంకో ఐదు నిమిషాలు’ అని అమ్మే తగ్గుతుంది. అరిస్తే పని జరుగుతుందని పిల్లకు, తగ్గితే ఇల్లు ప్రశాంతంగా ఉంటుందని అమ్మకు ఆ పూట అలవాటవుతుంది. అమెరికా మనస్తత్వవేత్త జెరాల్డ్ ప్యాటర్సన్ దశాబ్దాల పాటు కుటుంబాలను గమనించి వివరించిన విషవలయం ఇదే.

4. ఆ వలయాన్ని తెంచండి.
వంటింట్లోంచి కేకేయకుండా దగ్గరకు వెళ్లి, ఒక్క పనే, చిన్న మాటల్లో చెప్పండి. విన్న వెంటనే మెచ్చుకోండి. కాదన్నది చివరిదాకా కాదనే ఉండాలి. నాన్న వద్దన్నది నాయనమ్మ చాటుగా ఇస్తే ఈ శ్రమంతా వృథా. కొట్టడం వల్ల ఆ క్షణానికి అణిగినా, కాలక్రమంలో దూకుడు పెరుగుతుంది.

5. ఎప్పుడు వైద్యుణ్ని కలవాలో తెలుసుకోండి.
కోపం, వాదన, కక్షసాధింపు వంటి లక్షణాలలో కనీసం నాలుగైనా, ఆరు నెలలు లేదా అంతకు మించి కొనసాగుతూ, తోబుట్టువులతోనే కాక ఇతరులతోనూ కనిపిస్తే, నిపుణులు ‘అపోజిషనల్ డిఫయంట్ డిజార్డర్’ (అతిగా ఎదురుతిరిగే ప్రవర్తనా సమస్య) ఉందేమో పరిశీలిస్తారు. ఐదేళ్ల లోపు వారిలో దాదాపు రోజూ, ఆపై వయసువారిలో వారానికి ఒక్కసారైనా ఉండాలన్నది కొలమానం. చదవడంలో ఇబ్బంది, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం) వంటివి దీని వెనుక దాగి ఉండవచ్చు కనుక వాటినీ పరీక్షించమని అడగండి. ఎవరిని కలవాలో తెలియకపోతే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు. రాసుకున్న పుస్తకం అప్పుడు చేతిలో ఉంచుకోండి.