పక్షిజాతిని కల్పించేవాళ్లు ముందు బరువు తేల్చుకోండి

జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను, సాయంత్రాలు పిల్లల కోసం ఫాంటసీ కథలు రాస్తాను. రెండూ తెలిసినవాణ్నని కొత్తగా రాసేవాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. ముందు బొమ్మ చూపిస్తారు: కండలు తిరిగిన మనిషి, వీపుకు రెండు రెక్కలు, ముక్కు బదులు ఓ కొక్కెం. తర్వాత రాజ్యం పేరు, రాజు పేరు, ఆయన కత్తి పేరు. వీళ్లలో గుడ్డు ఎవరు పొదుగుతారయ్యా అని అడిగితే బిక్కమొహం వేస్తారు. నా పద్ధతి వేరు. ఒళ్లు ముందు తేల్చుకుంటే ఆచారాలు వాటంతటవే వస్తాయి. నేను కల్పించిన తుంగరులనే ఉదాహరణగా తీసుకుని చెబుతాను. తుంగ పెరిగే చెరువుల్లో ఉంటారు కాబట్టి ఆ పేరు.

మొదట బరువు. కర్నూలు వైపు రోళ్లపాడు గడ్డిమైదానాలకు పేరు తెచ్చిన బట్టమేక పిట్టలో మగది సుమారు 15 కిలోలు తూగుతుంది. ఎగిరే పక్షుల్లో బాగా బరువైన వాటిలో అదొకటి. లక్షల ఏళ్ల కిందట అర్జెంటీనాలో తిరిగిన అర్జెంటావిస్ అనే పక్షి 70 కిలోల దాకా ఉండేదని శిలాజాలను బట్టి అంచనా వేశారు. అదైనా ఎక్కువగా వేడిగాలి మీద తేలుతూ పోయేదే అంటారు. కాబట్టి మీ 60 కిలోల వీరుడు తెల్లవారుజామున చదునైన నేల మీంచి చప్పుడు లేకుండా లేచాడంటే నేను నమ్మను. ఎండెక్కాలి, గుట్ట ఉండాలి. ఈ ఇబ్బందిని దాచిపెట్టకుండా వాడుకోండి. మీ వీరుడి జాతి ఊళ్లన్నీ గుట్టల అంచున ఉంటాయి, ముసురు పట్టిన రోజు యుద్ధం జరగదు. నా తుంగరులకు 12 కిలోలే ఇచ్చాను. అంత చిన్న తలలో తెలివి ఎలా పడుతుందన్న టెన్షన్ అక్కర్లేదు. కాకులు, చిలకల మెదడులో న్యూరాన్లు, అంటే నాడీకణాలు, బాగా కిక్కిరిసి ఉంటాయి.

తర్వాత చేతులు. పక్షి రెక్క అంటే దాని చెయ్యే, వేరే చేతులు ఉండవు. గరుత్మంతుడికి రెండూ ఉంటాయిగా అంటారు. ఆయన దేవుడు, ఆయన లెక్క వేరు. మీ జాతి పనంతా ముక్కుతో, కాలితో జరగాలి. గిజిగాడు గూడు అల్లేటప్పుడు దగ్గరగా చూడండి. ఈనెను కాలి కింద నొక్కిపెట్టి, ముక్కుతో కొస లాగి, మెలిపెట్టి ముడి బిగిస్తాడు. తుంగరుల పనిముట్లకు పిడులు ఉండవు, కాలివేళ్లు దూర్చే ఉచ్చులు ఉంటాయి. పనిచేసేవాడు ఒంటికాలి మీద ఉంటాడు, కాబట్టి రెండు కాళ్లమీద తీరిగ్గా నిలబడ్డవాణ్ని చూస్తే పెద్దలు విసుక్కుంటారు. కొత్తవాళ్లు ఎదురైతే ఒక కాలు ఎత్తి, వేళ్లు చాపి చూపిస్తారు. ఇందులో ఆయుధం లేదని దానర్థం. నమస్కారం అలా పుట్టింది.

తిండి దగ్గర నిదానించండి, ఎక్కువ సరుకు అక్కడే దొరుకుతుంది. పక్షులకు మిరపకాయ కారం తెలియదు. కారం పుట్టించే క్యాప్సైసిన్ ఎలుకనూ మనిషినీ మండించినట్టు వాటిని మండించదు. తుంగరులు ధాన్యం గాదెల్లో మిరపపొడి కలిపి ఉంచుతారు, ఎలుకలు దరిచేరవు. అతిథిగా వెళ్లిన మనిషికి ఆ గాదెలోని గింజలే పెడతారు. గుంటూరు వాడైనా సరే, నీళ్ల కోసం పరిగెత్తాల్సిందే.

ఇంకోటి కందనకాయ. నాటుకోడిది కోసి కడిగినవాళ్లు చూసే ఉంటారు: లోపల పచ్చటి గరుకు పొర, దాని మడతల్లో ఇసుక, కందిగింజంత రాళ్లు, అంచులు అరిగి నున్నగా. పళ్లు లేని పక్షికి గింజలు నలిపిపెట్టేవి అవే. అన్నప్రాశన నాడు తుంగరుల పిల్ల మొదట మింగేది రాయే, గింజ తర్వాత. ముసలాయన పోతే ఆయన కడుపులోని రాళ్లు తీసి, కడిగి, మనవలకు పంచుతారు. వాళ్లు మింగుతారు. ‘తాత రాయి మీద ఒట్టు’ అన్నాక ఎవరూ మాట తప్పరు. ఈ తంతు చూసిన మనిషికి వాంతి వస్తుంది. పెద్దల్ని రాళ్లతో సహా కాల్చేస్తారట అని తుంగరులు మనల్ని చూసి ముక్కు తిప్పుకుంటారు.

ఇక గుడ్డు. కొమ్ముకత్తిరి (హార్న్‌బిల్) పిట్టల్లో ఆడది చెట్టుతొర్రలో చేరి, ద్వారం మూసేసుకుని, సన్నటి సందులోంచి మగది తెచ్చిపెట్టేది తింటుంది. కోయిల కాకి గూట్లో పెట్టిపోతుంది. తామరాకుల మీద నడిచే జకానాల్లో ఆడది గుడ్లు పెట్టి ఇంకో మగదాని దగ్గరికి వెళ్తుంది, పొదగడం, పిల్లల్ని సాకడం మగదాని పని. దేన్ని ఎంచుకుంటే ఆస్తి చట్టం అటు తిరుగుతుంది. నేను జకానా దారి పట్టాను. గూడు మగవాడిది, ఇంటిపేరు గూటిది, చెరువు నుంచి చెరువుకు తిరిగి వర్తకం చేసేది ఆడవాళ్లు.

ఈకలు రాల్చే కాలాన్ని చాలామంది మరిచిపోతారు. చాలా బాతులు రెక్క ఈకలన్నీ ఒక్కసారే రాల్చి కొన్ని వారాలు ఎగరలేవు. తుంగరులకూ అంతే. ఆ వారాల్లో అప్పు అడగకూడదు, పగ తీర్చుకోకూడదు. శత్రువు ఎప్పుడు వస్తాడో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

భాష సంగతి త్వరగా తేల్చొచ్చు, కాకపోతే కొంగలు చేరే ఉప్పలపాడు చెరువుకో తేలినీలాపురానికో ఓసారి వెళ్లి రండి. ఎర్రకాళ్ల కొంగలు పెద్దయ్యాక గొంతు పెద్దగా వాడవు, ముక్కులు టకటకలాడిస్తాయి. పలకరింపుకీ, ప్రేమకీ, బెదిరింపుకీ అదే చప్పుడు వేర్వేరు వేగాల్లో వాడుకోవచ్చు.

అన్నీ కుదిరాయో లేదో చూడాలంటే ఒక పంచాయితీ రాయండి. వరద వచ్చింది, ఒకడు గూడు వదిలి పారిపోయాడు. చల్లబడుతున్న గుడ్డును పక్కగూటివాడు పొదిగాడు. పిల్ల బయటికొచ్చాక మొదటివాడు తిరిగొచ్చి నాదే అన్నాడు. పెద్దలు ఏమంటారు? మీకు తట్టకపోతే పొదిగే సంగతి ఇంకా తేల్చలేదన్నమాట, వెనక్కి వెళ్లండి. తుంగరుల తీర్పు ఇది: పిల్ల పొదిగినవాడిది, మొదటివాడు కావాలంటే తన వంశం రాయి తెచ్చి ఇవ్వొచ్చు, మింగాలో వద్దో పెద్దయ్యాక పిల్లే తేల్చుకుంటుంది. నా మొదటి కథ ఈ గొడవలోంచే వచ్చింది. మ్యాపు ఆ తర్వాతే గీశాను.