కత్తెరతో వర్గ సమీకరణం: అల్ ఖ్వారిజ్మీ చూపిన దారి

పదో తరగతి పిల్లలకు లెక్కల ట్యూషన్ చెబుతాను. వర్గ సమీకరణాలు వచ్చేసరికి సూత్రం బట్టీ పట్టి, ప్లస్సులూ మైనస్సుల దగ్గర టెన్షన్ పడేవాళ్లే ఎక్కువ. అందుకే మొదటి రోజు పెన్ను పట్టనివ్వను. చార్టు, కత్తెర, స్కేలు, గ్రాఫ్ పేపరు తెచ్చుకోమంటాను.

ఈ పద్ధతి దాదాపు 1200 ఏళ్ల నాటిది. బాగ్దాద్‌లో ఖలీఫా అల్ మామూన్ కాలంలో అల్ ఖ్వారిజ్మీ రాశాడు. ఆయన పుస్తకం పేరులోని 'అల్‌జబ్ర్' నుంచే ఆల్జీబ్రా అనే మాట పుట్టింది. మన అంకెల మీద కూడా ఆయన ఒక పుస్తకం రాశాడు. ఆల్జీబ్రా పుస్తకంలో గుర్తులేవీ ఉండవు, లెక్కంతా మాటల్లోనే. ఇదిగో ఆయన లెక్క: ఒక వర్గానికి దాని మూలాలు పది కలిపితే 39. (మూలం అంటే ఆ వర్గం భుజం; మన రాతలో x² + 10x = 39.) మూలం ఎంత?

ముందు చార్టులో ఒక చతురస్రం కత్తిరించండి. భుజం ఎంతైనా సరే, మనకు తెలియనిది అదే కదా. పక్కపక్కన కూర్చున్న ఇద్దరు వేరువేరు కొలతలు తీసుకుంటే మరీ మంచిది. ఇక పది మూలాలంటే, పొడవు ఆ భుజమంత, వెడల్పు 10 సెంటీమీటర్లు ఉన్న ముక్క. దాన్ని నిలువునా సగానికి కోస్తే 5 సెంటీమీటర్ల వెడల్పున్న రెండు పట్టీలు వస్తాయి. ఒకదాన్ని చతురస్రానికి కుడిపక్క, రెండోదాన్ని కింద ఆనించండి.

కార్నర్‌లో ఖాళీ కనిపిస్తుంది. (మూల అంటే మూలంతో కలిసిపోతుందని కార్నర్ అనే అంటాను.) ఇక్కడ తొందరపడకండి. ఖాళీని స్కేలుతో కొలవమనండి: 5 బై 5. పక్కవాడి చతురస్రం పెద్దదైనా వాడి ఖాళీ కూడా అంతే. నా దగ్గర ఒక ఎర్ర ముక్క ఉంది, దాన్నే అందరి దగ్గరా పెట్టి చూపిస్తాను. పోయినేడాది ఒకమ్మాయి "తెలియనిదాని సైజుతో పనే లేదా టీచర్?" అంది. నాకు ఆ రోజంతా సంతోషమే.

చతురస్రం, రెండు పట్టీలు కలిపి 39 అని లెక్కలోనే చెప్పారు. ఎర్ర ముక్క 25. మొత్తం 64, అంటే పెద్ద చతురస్రం భుజం 8. పట్టీ వెడల్పు 5 తీసేస్తే మూలం 3. ఇప్పుడు గ్రాఫ్ పేపరు మీద భుజం 3 తీసుకుని మళ్లీ గీయించి, గళ్లు లెక్కపెట్టించండి: 9, 15, 15.

పొడవు సున్నా కంటే తక్కువ ఉండదు కాబట్టి ఖ్వారిజ్మీ ఇక్కడితో ఆగాడు. పరీక్షలో మాత్రం −13 కూడా రాయాలి. 64కి −8 కూడా వర్గమూలమే, అందులోంచి 5 తీస్తే −13. ఇది చెప్పకపోతే పిల్లలు మార్కులు పోగొట్టుకుంటారు.

ఆయన నాలుగు వైపులా 2.5 వెడల్పు పట్టీలు పెట్టిన బొమ్మ కూడా ఇచ్చాడు. అది తర్వాత చూపించొచ్చు.

రెండో లెక్క: వర్గానికి ఆరు మూలాలు కలిపితే 40. కార్నర్ ముక్క ఎంతో ముందు పిల్లల్నే చెప్పమనండి. 9 అన్నాకే కత్తెర ఇవ్వండి.