రోడ్స్ పాత నగరాన్ని ఏ క్రమంలో చూడాలి?

గ్రీసు దేశపు రోడ్స్ ద్వీపానికి వెళ్లే యాత్రికుల్లో చాలామంది ఓడ దిగగానే, ఒకప్పటి నైట్ల అధిపతి అయిన గ్రాండ్ మాస్టర్ కోట వైపు నడుస్తారు. ఆ క్రమాన్ని కొంచెం మార్చుకోమని నా సలహా. ద్వీపంతో పేరు పంచుకున్న ఈ ముఖ్య పట్టణంలో గ్రీకులు, సెయింట్ జాన్ నైట్లు అనే క్రైస్తవ యోధుల సంఘం వారు, ఒట్టోమన్ తుర్కులు, ఇటాలియన్లు ఒకరి కట్టడాల మీద మరొకరు కట్టుకుంటూ వచ్చారు. అందువల్ల ఏది అసలుది, ఏది తరువాత పునర్నిర్మించినది అన్న ప్రశ్నను వెంట ఉంచుకొని తిరిగినవారికే ఈ ఊరు సరిగ్గా అర్థమవుతుంది.

నడక నైట్ల ఆసుపత్రితో మొదలుపెట్టండి. 1440లో పని ప్రారంభమై, గ్రాండ్ మాస్టర్ పియేర్ దోబుసాన్ కాలంలో, 1489లో పూర్తయిన ఈ రాతి భవనం ఇప్పుడు పురావస్తు మ్యూజియం. విగ్రహాల గదుల్లోకి వెళ్లే ముందు పై అంతస్తులో రోగులను ఉంచిన పొడవైన హాలులో కాసేపు నిలబడండి. మధ్యలో వరుసగా స్తంభాలు, గోడల వెంట కిటికీలు లేని చిన్న గదులు కనిపిస్తాయి. యుద్ధవీరులుగా పేరుపడిన నైట్లు మొదట రోగులకు సేవచేసే సంఘంగా ఏర్పడ్డారన్న సంగతి ఇక్కడ తెలిసినంత స్పష్టంగా ఊరిలో మరెక్కడా తెలియదు. స్నానానంతరం మోకాళ్లపై కూర్చొని జుట్టు సవరించుకుంటున్న గ్రీకు ప్రేమదేవత అఫ్రొడైటీ పాలరాతి విగ్రహం ఈ మ్యూజియంలోనే ఉంది. అది చిన్నది కాబట్టి వెతికి చూడండి.

ఆసుపత్రి పక్కనుంచి కోట దాకా ఎగువకు సాగేదే ఇప్పోటాన్, అంటే నైట్ల వీధి. ప్రాచీన గ్రీకు నగరంలో రేవుకు దిగే దారి మీదనే ఇది ఏర్పడింది. నైట్లు తమ తమ భాషా ప్రాంతాలను బట్టి వర్గాలుగా విడిపోయి, ఫ్రాన్స్, ఇటలీ, ప్రొవాన్స్ వంటి ఒక్కొక్క వర్గానికి ఒక్కొక్క వసతి గృహం కట్టుకున్నారు. గోడల్లో పొదిగిన వంశ చిహ్నాలను బట్టి ఏ ఇల్లు ఎవరిదో పోల్చుకోవచ్చు. వీటిలో ఫ్రాన్స్ వారి గృహం అలంకరణలో మిగతావాటిని మించినది. వీధుల్లో పరచిన గులకరాళ్లు నున్నగా ఉంటాయి కాబట్టి పట్టు ఉన్న చెప్పులు తప్పనిసరి. పర్యాటక నౌకలు జనాన్ని దించకముందే, ఉదయాన్నే ఇక్కడికి చేరుకోవడం మంచిది.

కోట దగ్గరకు వచ్చాక ఒక విషయం గుర్తుంచుకోవాలి. 1856లో దగ్గరలోని చర్చి కింద నిల్వ ఉన్న మందుగుండు పేలడంతో అసలు భవనంలో ఎక్కువ భాగం నాశనమైంది. నేడు కనిపించేది ప్రధానంగా ఇటాలియన్ పాలకులు 1937-40 మధ్య తిరిగి కట్టించినది. లోపలి నేలలపై ఉన్న ప్రాచీన మొజాయిక్‌లను కూడా కోస్ ద్వీపం నుంచి తెచ్చి అమర్చారు. ఇది తెలిసి చూస్తే నిరాశ కలగదు సరికదా, 1912 నుంచి ఈ ద్వీపాన్ని ఏలిన ఇటలీ తనను తాను ఎలా ప్రదర్శించుకోదలచిందో అర్థమవుతుంది.

తరువాత సులేమాన్ మసీదు వైపు మళ్లండి. 1522లో ఆరు నెలల ముట్టడి తరువాత నగరం సుల్తాను సులేమాన్ వశమైంది. 1523 జనవరి 1న నైట్లు ద్వీపాన్ని విడిచి వెళ్లారు. ఆ విజయానికి గుర్తుగా వెలసిన మసీదును 19వ శతాబ్ది ఆరంభంలో మళ్లీ కట్టారు. దానికి ఎదురుగా 18వ శతాబ్ది చివర స్థాపించిన ముస్లిం గ్రంథాలయం ఉంది. అక్కడి నుంచి దుకాణాల వీధి మీదుగా యూదుల పేటకు దిగవచ్చు.

ఈ పేటను తొందరలో దాటిపోవద్దు. 1577 నాటి కహల్ షాలోమ్ ప్రార్థనామందిరం గ్రీసులో నేటికీ వాడుకలో ఉన్న యూదు ప్రార్థనామందిరాల్లో అత్యంత పురాతనమైనది. 1944 జూలైలో నాజీలు ఇక్కడి నుంచి 1,600 మందికి పైగా యూదులను ఆష్‌విట్జ్ మరణ శిబిరానికి తరలించారు; తిరిగి బ్రతికి బయటపడినవారు చాలా కొద్దిమంది. సమీపంలోని చౌకులో వారి స్మారక స్తంభం ఉంది. మందిరానికి ఆనుకొని ఉన్న చిన్న మ్యూజియంలోని కుటుంబ ఛాయాచిత్రాలను తప్పక చూడాలని నా మనవి.

మాండ్రాకి రేవు ముఖద్వారంలో రెండు స్తంభాలపై జింకల విగ్రహాలున్నాయి. కొలోసస్ మహావిగ్రహం ఇక్కడే రెండు కాళ్లు చాచి నిలబడిందని, ఓడలు దాని కింద నుంచి సాగేవని చెప్పేది కల్పన మాత్రమే. క్రీ.పూ. 305-304లో నగరాన్ని ముట్టడించి విఫలుడైన డెమెట్రియస్ వదిలి వెళ్లిన యుద్ధ సామగ్రిని అమ్మిన ధనంతో లిండోస్‌కు చెందిన శిల్పి కారెస్ చేత సూర్యదేవుడు హీలియోస్‌కు ఆ కంచు విగ్రహాన్ని చేయించారు. అది క్రీ.పూ. 226 ప్రాంతంలో భూకంపానికి కూలిపోయింది.

సుమారు 4 కిలోమీటర్ల ప్రాకారం చుట్టూ ఉన్న ఎండిన కందకంలో నడవడానికి రుసుము లేదు; ఎండ తగ్గాక దిగితే ఆ గోడల మందం, ఎత్తు తీరికగా చూడవచ్చు. క్రీ.పూ. 408లో పుట్టిన తొలి నగరపు ఆనవాళ్ల కోసం మాత్రం పడమటి వైపున్న మోంటే స్మిత్ గుట్టకు మరో పూట కేటాయించాలి. అక్కడ ప్రాచీన క్రీడాప్రాంగణం, అపోలో ఆలయపు స్తంభాలు కొన్ని ఉన్నాయి. ఇవి కూడా ఇటాలియన్లు సరిచేసి నిలబెట్టినవే. నీడ తక్కువ కాబట్టి తాగునీరు వెంట తీసుకెళ్లండి.